సర్వే రోజున

పటాన్ని గోడకు అతికించడానికి టేపు సరిపోలేదు. పంచాయతీ కార్యదర్శి తిరుమల కుర్చీ ఎక్కి పై రెండు మూలలూ అంటించింది కానీ, కింది మూలలు ఫ్యాను గాలికి లేచి లేచి పడుతున్నాయి. మండలాఫీసు నుంచి వచ్చిన గిర్దావర్ గోపాల్ ఒక మూలను స్కేలుతో గోడకు అదిమి పట్టి, రెండో చేత్తో జనాన్ని ఊరుకోమన్నాడు.

మల్లిక తలుపు దగ్గర, ఆడవాళ్ల వెనుక నిలబడి ఉంది. మొదట ఆమెకు పటం అంచు మాత్రమే కనిపించింది. ముందున్న సాలమ్మ పక్కకు జరిగాక మిగతాది కనిపించింది. ఊరికి ఈశాన్యాన వాలు గీతలతో నింపిన పెద్ద ముక్క. ఆ గీతల్లో ఒకటి హద్దు దాటి బయటికి పోయింది.

ఆ పటం గీస్తున్నప్పుడు అక్కడే ఆమె స్కేలు జారింది. హాస్టల్ గదిలో ఆదివారం మధ్యాహ్నం, ఆ సిరాను బ్లేడుతో గీకితే ట్రేసింగ్ కాగితం చిల్లు పడుతుందేమోనని అలాగే వదిలేసింది. ఇప్పుడా పటాన్ని నాలుగింతలు పెద్దది చేసి రంగుల్లో అచ్చు వేశారు. జారిన గీత కూడా పెద్దదైంది.

"ఇది మేం రాసింది గాదు, మా మీద పడకుర్రి," అన్నాడు గోపాల్. "పెద్ద సదువులు సదివెటోళ్లు ఊరంత తిరిగి, ఇల్లిల్లు లెక్కవెట్టి గీసిన నక్ష. ఇగో, గీతలున్న జాగ మొత్తం మూడువందల పన్నెండు ఎకరాలు. సర్కారు భూమి. వాడుకల లేదని సాఫ్ రాసున్నది. అందుకే సోలార్ ప్లేట్లకు ఇస్తున్నరు."

"వాడుకల లేదా?" వెనుక నుంచి కురుమయ్య లేచాడు. "పొద్దుగాల చెంబు వట్టుకొని సగం ఊరు ఆడికే పాయె గద సారూ. అది వాడుక గాదా?"

అందరూ నవ్వారు. గోపాల్ కూడా నవ్వాడు. "నవ్వుర్రి. ఎవరికన్న అభ్యంతరం ఉంటె శనివారం సాయంత్రం లోపల మండలాఫీసుల రాసియ్యాలె. నోటిమాట నడవది. ఆ దినం దాటితె పోల్లు పాతుతరు, కంప కొడ్తరు. మల్ల నన్ను అడుగొద్దు."

ముందు వరుసలో నేల మీద కూర్చున్న బీరన్న మెల్లగా లేచాడు. మందతో కేతేపల్లి దిక్కు నుంచి తిరిగొచ్చి వారం కూడా కాలేదు. పాదాల పగుళ్లలో ఆ నేల నల్లమట్టి ఇంకా అలాగే ఉంది.

"అమ్మా తిరుమలా," అన్నాడు. "నక్ష మీద సన్నసన్న అచ్చరాలున్నయ్ గద. అవ్వి జర సదువు."

తిరుమల పటం మీదికి వంగింది. "మోదుగుల బోడు. కుంటిమేక వాగు. ఈడ బాయి గుర్తున్నది, పేరు లేదు. ఇది... అవ్వ గుండు."

"ఆఖరుది మల్ల సదువు."

"అవ్వ గుండు."

ఊళ్లో ఆ బండరాయిని అందరూ పెద్ద గుండు అనే అంటారు. బీరన్న తల్లి మంద కాస్తూ దాని నీడన కూర్చుని రొట్టె తినేది కాబట్టి, ఆ ఒక్క ఇంట్లోనే అది అవ్వ గుండు. మల్లిక చెంగు అంచును వేలికి చుట్టి బిగించింది. తండ్రి వెనక్కి తిరుగుతాడని ఎదురుచూసింది. బీరన్న తిరగలేదు. భుజం మీది గొంగడి సరిగ్గానే ఉన్నా దాన్ని తీసి మళ్లీ మడిచి వేసుకున్నాడు.

"మంచిగనే రాసిన్రు," అని కూర్చున్నాడు.

ఇంటికొచ్చేసరికి తల్లి సైదమ్మ జొన్నరొట్టెలు చేస్తోంది. వలస నుంచి తెచ్చిన గిన్నెలు, మూటలు ఇంకా సగం అరుగు మీదే ఉన్నాయి. జనవరిలో మంద కదిలితే ఆమె కూడా వెంట పోవలసిందే. పదిహేను రోజుల నడక తర్వాత మూసీ కాలువ కింది పొలాల్లో మంద ఆపుతారు, మళ్లీ మృగశిర కార్తెకు ఇల్లు చేరుతారు. ఆ ఆరు నెలలూ ఈ ఇంటికి తాళమే. మల్లికకు హాస్టలే.

"ఏమన్నరే మీటింగుల?"

మల్లిక చెప్పింది. పొయ్యి ముందు కూర్చుని, మంట వైపు చూస్తూ మొత్తం చెప్పింది. సైదమ్మ అరచేయి పిండి మీద ఆగింది. రొట్టె అంచు చిట్లింది. దాన్ని మళ్లీ ముద్ద చేసి మొదటి నుంచి తట్టడం మొదలుపెట్టింది.

"నీ పేరున్నదా దానిమీద?"

"లే."

"మరి మీ బాపుకు?"

"ఎరికైంది. అవ్వ గుండని రాసిన. తెల్లకాయితం తెల్లగ ఉంటె పని చెయ్యనట్టు కనవడ్తది, జాగల పేర్లు రాయుమన్నడు మా సారు. నాకెరికైన పేర్లు నేను రాసిన."

"వాడుకల లేదని ఎందుకు రాస్తివే మరి?"

"అమ్మా, నేను పోయింది ఏప్రిల్ల. సర్వే నాడు కండ్ల ముందట ఏముంటె అదే రాయాలె. ఆడ ఏం లేకుండె. మీరు కేతేపల్లి దిక్కుంటిరి."

సైదమ్మ రొట్టెను పెనం మీద వేసి, తడిచేత్తో పైన నీళ్లు రాసింది. తర్వాత గొంతు తగ్గించింది. "సుక్కురారం నీ పరీచ్చ గద. గురుకులంల నౌకరికి కాయితం పడ్డదంటివి, ఆ సర్టిపికెట్ లేకుంటె దరకాస్తు గూడ వెట్టనియ్యరంటివి. సుక్కురారం దాక నోరు మూస్కో. ఆయన ఏమనడు. ఆయన సంగతి నాకెర్క."

బీరన్న వచ్చి కాళ్లు కడుక్కుని తినడానికి కూర్చున్నాడు. రెండు రొట్టెలు తిన్నాడు. పచ్చిపులుసు గిన్నెను రెండు చేతులా ఎత్తి తాగి, కింద పెట్టాడు.

"రేపు కాలేజుకు పోతవా?"

"పోత బాపు."

"ఏడింటి బస్సుకా?"

"ఆ."

"ఎండ మస్తు కొడ్తాంది. గొడుగు వట్కపో."

అంతే. లేచి దొడ్డి వైపు వెళ్లిపోయాడు. మల్లిక విరిచిన రొట్టె ముక్క చేతిలోనే ఆరిపోయింది.

కొత్తకోటలో బస్సు మారి పీజీ కాలేజీ చేరేసరికి పది దాటింది. భూగోళశాస్త్ర విభాగం అంటే మూడు గదులు. ఒకటి తరగతి, ఒకటి పటాల గది, మూడోది దశరథ్ సారు గది. ఆయన పదకొండేళ్లుగా అక్కడ కాంట్రాక్టు మీద చదువు చెబుతున్నాడు. ప్రతి జూన్‌లో మళ్లీ రాసిస్తారా లేదా అన్న ఎదురుచూపుతో ఆ నెలంతా తెల్లచొక్కాలే వేసుకుంటాడని పిల్లలు నవ్వుకుంటారు. ఆ రోజూ తెల్లచొక్కానే.

"రా మల్లికా. బైండింగు అయిందా? నా సంతకం పేజీ ముందే పెట్టిన్రు కదా?"

"అయింది సార్." ఆమె నల్ల అట్ట ప్రాజెక్టు పుస్తకాన్ని బల్ల మీద పెట్టింది, చేతిని మాత్రం దాని మీది నుంచి తీయలేదు. "సార్, నా పటం మా ఊరి పంచాయతీల గోడకు పెట్టిన్రు."

దశరథ్ ఆమె ముఖం వైపు, తర్వాత కిటికీ వైపు చూశాడు. "ఖాళీ భూముల అధ్యయనం అని ఒక ఏజెన్సీ వాళ్లు అడిగిన్రు. మంచిగ వేసిన పటాలు నాలుగు ఇచ్చిన. మంచిగుందనే ఇచ్చిన."

"అది మా మేత కంచె సార్. వానకాలం నుంచి జనవరి దాక జీవాలు అండ్లనే మేస్తయి. తొమ్మిది ఇండ్ల మందలు."

"సర్వే రోజున మేస్తున్నయా?"

"లేవు సార్. అప్పుడు వలసల ఉంటయి. మీరు నన్ను ఏప్రిల్ల పంపిన్రు."

"సెమిస్టర్లో ఖాళీ దొరికేది ఏప్రిల్లోనే కదమ్మా. నిన్నొక్కదాన్నే పంపలేదు, అందర్నీ పంపిన." ఆయన ఫారం తీసి ఆమె ముందుకు జరిపాడు. 'సర్వే రోజున వినియోగం' అన్న గడి మీద వేలు పెట్టాడు. "ఇది నేను పెట్టిన గడి కాదు. ఎన్నో ఏండ్ల నుంచి ఉన్నది. మనకు తెలిసింది రాయం. చూసింది రాస్తం. మన ఇంటి సంగతులు మనకు తెలుసని రాయడం మొదలుపెడితే ఇగ దాన్ని శాస్త్రం అని ఎందుకంటరు?"

తరగతిలో ఆ మాటే మల్లిక శ్రద్ధగా రాసుకుంది. కింద రెండు గీతలు కూడా గీసుకుంది.

"మార్చి వేస్త సార్. రెండు రోజులు టైమియ్యిరి."

"నేను సంతకం పెట్టిన. పరిశీలించి ధ్రువీకరించిన అని రాసి పెట్టిన. అది అచ్చయి కలెక్టరేట్ దాక పోయింది." ఆయన గొంతు పెంచలేదు. "తప్పని నువ్వంటే, నేను చూడకుండా సంతకం చేసిన్నని అర్థం. జూన్ నెల ఇది మల్లికా. నాకూ ఇద్దరు పిల్లలున్నరు. శుక్రవారం బయటి నుంచి నాగరాణి మేడం వస్తది. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చెప్పు. ఆమె పటాల మీద ఎక్కువ అడగది."

టిఫిన్ డబ్బా తెరిచి, మూతలో సగం పులిహోర వేసి ఆమె వైపు జరిపాడు. "పొద్దున్నుంచి ఏం తినలేదు నువ్వు. తిను."

తినకపోతే ఆయన బాధపడతాడని మల్లిక నిలబడే నాలుగు మెతుకులు తిన్నది. బస్టాండుకు నడుస్తున్నప్పుడు గొడుగు తెరవడం మరిచిపోయింది.

మర్నాడు జీవాలకు నట్టల మందు తాపే పని. తొలకరికి మొలిచిన లేతగడ్డి మేస్తే కడుపులో పురుగులు పడతాయి. మొదటి వాన పడిన పది రోజుల్లో మందు పోయాలి. దొడ్డిలో ఒక మూల కురుమయ్య మందను అడ్డగించి ఒక్కొక్క గొర్రెనూ ఇటు తోలుతున్నాడు. మల్లిక గొర్రె మెడను మోకాళ్ల మధ్య ఇరికించుకుని మూతి కింద గదవ పట్టుకుంటే, బీరన్న దాని నోటి పక్క నుంచి సీసా గొట్టం పెట్టి పోస్తున్నాడు. పోసినదానికి రెండోసారి పోయకుండా వీపు మీద ఎర్రమట్టి జాజుతో చార గీస్తున్నాడు. ఆయన చేతులు మణికట్టు దాకా ఎర్రగా ఉన్నాయి.

"మూతి మరీ పైకెత్తకు. పొరవోతది."

"ఎత్తుత లేను బాపు."

"నాలిక మీద చేయి వెట్టకు. ఆ... గట్ల."

పన్నెండో గొర్రెకో పదమూడోదానికో ఆమెకు అది కనిపించింది. జాజు పట్టని చోటొకటి ఉంది ఆయన చేతి మీద. ఎడమ బొటనవేలు. గోరు సందుల్లో, గీతల్లో నీలిరంగు.

"బాపు, బొటనేలికి గదేంది?"

"జాజు."

"జాజు ఎర్రగుంటది."

బీరన్న ఆ వేలిని గొర్రె ఉన్నిలో రుద్ది, సీసా అందుకున్నాడు. "వట్టు. తప్పించుకుంటాంది."

"చెప్పరాదే బీరన్నా, ఎంత సేపు దాస్తవ్," అన్నాడు కురుమయ్య గొర్రెల వెనుక నుంచి. "ఏలిముద్ర ఏసిండు పిల్లా మీ బాపు. నిన్న నువ్వు బస్సెక్కినంక మండలాఫీసుకు పోయి, మాకేం అభ్యంతరం లేదని ఏసొచ్చిండు. పెద్దమనిషి ఏసినంక మేమేం మిగుల్తం? ఎనిమిది మందిమి వెనుకవడి ఏసినం. ఇప్పుడు గా ప్లేట్ల కింద ఎండ తగలకుంట నిలవడుర్రి అని గొర్రెలకు చెప్పాలె."

ఆ మాటకు ఎవరూ నవ్వలేదు. మల్లిక చేతులు వదులయ్యాయి. గొర్రె విదిల్చుకుని, నోట్లోని మందు సగం కక్కి, చార లేకుండానే మందలో కలిసిపోయింది.

"ఎందుకేసినవ్ బాపు?"

బీరన్న సీసాను మట్టిలో నిలబెట్టాడు. నిలబడలేదు, ఒరిగింది. మళ్లీ నిలబెట్టాడు. "నేను అడిగిన. నక్ష తప్పున్నదని రాసిస్తె ఏమైతది సారూ అని అడిగిన. గీసినోళ్లను పిలిపిస్తం, తప్పు లెక్క రాసినందుకు సర్టిఫికెట్ ఆపుతం అన్నడు గిర్దావర్. ఇగ ఏం అడుగుతం? అభ్యంతరం లేదనే ఆ రెండో కాయితం ఎక్కడున్నదో తియ్యి సారూ అన్న."

"నాతోని ఒక్క మాట చెప్పకపోతివి."

"నువ్వు చెప్పినవా నాతోని?"

దొడ్డి బయట ఎవరిదో బండి వెళ్లిపోయింది. బీరన్న గొంతులో కోపం లేదు, అదే మల్లికకు భరించరాకుండా ఉంది.

"కంచె పోతె ఈ ఆర్నెల్లు జీవాలను ఏడ మేపుతవ్?"

"కేతేపల్లి దిక్కే ఉంట. ఏడాదంత."

"జూన్ల ఆడ నార్లు పోస్తరు, నాట్లేస్తరు. గట్టు మీదికి గూడ రానియ్యరు. నాకెరికే."

బీరన్న మంద వైపు చూసి, చార లేని గొర్రెను వెతికాడు. చెవి పట్టుకుని లాక్కొచ్చాడు. "ఇది కక్కింది. మల్ల తాపాలె. గదవ వట్టు," అన్నాడు.

మల్లిక మోకాళ్లతో గొర్రెను ఇరికించుకుంది. ఆ మధ్యాహ్నం దాకా ఇద్దరూ నూటికి పైగా జీవాలకు మందు పోశారు.

శుక్రవారం ఆమె నిర్ణయించుకునే బయలుదేరింది. పోయిన కంచె ఎట్లాగూ పోయింది, వేలిముద్రలు కూడా పడ్డాయి. ఇక చదువన్నా మిగలాలి. బాపు పోగొట్టుకున్నదానికి ఈ కాగితమైనా చేతికి రాకపోతే ఆయన చేసింది దేనికి? బస్సులో కిటికీ పక్కన కూర్చుని పుస్తకంలోని వాక్యాలను వల్లించుకుంది. 'అధ్యయన ప్రాంతంలో పంతొమ్మిది శాతం భూమి వినియోగంలో లేదు.' ఆ వాక్యాన్ని తడబడకుండా చెప్పడం వచ్చేదాకా పెదవులు కదిలించింది.

పటాల గదిలో బల్లకు తెల్లగుడ్డ పరిచారు. నాగరాణి మేడం యాభై దాటిన మనిషి. కళ్లద్దాలను పైటకొంగుతో తుడుచుకుంటూ పేజీలు తిప్పుతోంది. పక్కన దశరథ్ సారు పెన్ను మూతను తీస్తూ, పెడుతూ ఉన్నాడు. గోడకు మల్లిక పటం. వాలు గీతలు, జారిన గీత.

వర్షపాతం అడిగింది మేడం. నేలల రకాలు అడిగింది. మల్లిక చెప్పింది. పంతొమ్మిది శాతం కూడా తడబడకుండా చెప్పింది. దశరథ్ సారు పెన్ను జేబులో పెట్టుకున్నాడు.

"గృహ సర్వే కూడా నువ్వే చేశావా?"

"అవును మేడం. రెండువందల ఆరు ఇండ్లు. ఆరు రోజులు."

"ఇక్కడ తాళం వేసిన ఇళ్లు ముప్పై ఒకటి అని ఉంది."

"వలస మేడం. కొందరు బొంబాయిల మట్టిపనికి, కొందరు హైదరాబాద్, కొందరు మందలతోని."

"మరి సర్వే రోజున వాటిలో మనుషులు లేరు కదా. పాడుబడ్డ ఇళ్ల కింద వేశావా?" మేడం తల ఎత్తకుండానే, పేజీ తిప్పుతూ అడిగింది. గడుల లెక్క సరిచూసుకోవడానికి అడిగే మామూలు ప్రశ్న.

"లేదు మేడం. నివాసాలే. తాళమేసినా ఇల్లు ఇల్లే కదా మేడం. జూన్‌లో వస్తరు."

మాట నోటి నుంచి వచ్చాక అది ఆమెకు వినిపించింది.

ముప్పై ఒకటో ఇల్లు తమదే. సర్వే మూడో రోజు మిట్టమధ్యాహ్నం ఆమె తన ఇంటి గడప ముందు నిలబడింది. తలుపుకు తాళం. గొళ్లేనికి సాలెగూడు. పక్కింటి సాలమ్మ గోడ మీది నుంచి చెంబెడు నీళ్లు అందిస్తే తాగి, అట్ట మీద ఫారం పెట్టుకుని, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా రాసింది. నివాసం. కుటుంబం వలసలో. మర్నాడు అదే అట్ట పట్టుకుని కంచెలోకి నడిచింది. అవ్వ గుండు నీడలో కూర్చుంది. చుట్టూ ఎండిన గడ్డి మొదళ్లు, పోయిన ఏటి పెంటికలు. రాసింది. వాడుకలో లేదు. అదే పెన్ను, అదే మనుషులు.

"మల్లికా?" మేడం తల ఎత్తింది.

"మేడం, ఆ పటం తప్పు."

దశరథ్ సారు కుర్చీ కిర్రుమంది.

"తాళమున్న ఇంటికి నివాసమని రాసిన. ఆ ఇంటోళ్ల కంచెకు వాడుకల లేదని రాసిన. ఇద్దరూ ఒకరే మేడం. మా అమ్మా బాపే." పుస్తకభాష ఎప్పుడు జారిపోయిందో ఆమెకు తెలియలేదు. "ఏప్రిల్ల జీవాలు ఆడుండయి. ఇప్పుడు పోయి చూస్తె ఉంటయి. నాకు తెలిసి కూడ రాయలే. సారు తప్పు లేదు. నాకు తెలుసు, సారుకు తెల్వది."

నాగరాణి మేడం ఇళ్ల పట్టికను, భూమి పట్టికను పక్కపక్కన తెరిచి, వేలు ఒకదాని మీది నుంచి ఇంకొకదాని మీదికి జరుపుతూ చూసింది.

"దీన్ని నేను పాస్ చేస్తే ఆ పటానికి నేనూ సంతకం పెట్టినట్టే," అంది చివరికి. "మళ్లీ సర్వే చేయాలి. పన్నెండు నెలలూ. అంటే వచ్చే ఏడాదికి గానీ నీకు సర్టిఫికెట్ రాదు. ఏదైనా ఉద్యోగానికి రాసుకుంటున్నావా?"

"గురుకులం మేడం."

"అది పోతుంది."

"తెలుసు మేడం."

మేడం పుస్తకం మొదటి పేజీ తిప్పి, ఆగకుండా రాసింది. 'భూవినియోగ పటం ఒకే రుతువులో, పశుపోషకులు వలసలో ఉన్న కాలంలో చేసిన సర్వే మీద ఆధారపడింది. ఈ పటం చెల్లదు. తిరస్కరించడమైనది. సంవత్సరకాల సర్వేతో తిరిగి సమర్పించాలి.' కింద సంతకం, తేదీ.

మల్లిక బయటికొచ్చి ముఖం కడుక్కుందామని కొళాయి తిప్పింది. నీళ్లు రాలేదు. తడి లేని కొళాయి పట్టుకుని అలాగే నిలబడింది. ఇంట్లో ఏం చెప్పాలి? పరీక్ష పోయింది, కంచె పోయింది. రెండూ తన చేతి మీదుగానే పోయాయి. చంకలోని పుస్తకం జారితే పట్టుకుంది. మొదటి పేజీ తెరుచుకుంది. సిరా ఇంకా ఆరలేదు.

ఈ పటం చెల్లదు.

ఆమె దాన్ని రెండుసార్లు చదివింది. మూడోసారి పెదవులు కదిలించి చదివింది.

వెనుక నుంచి దశరథ్ సారు వచ్చి, ఏమీ అనకుండా పుస్తకాన్ని ఆమె చేతిలో నుంచి తీసుకున్నాడు. చింపేస్తాడనుకుంది. ఆయన గదిలోకి వెళ్లాడు. సొరుగు తెరిచిన చప్పుడు, తర్వాత ముద్ర కొట్టిన చప్పుడు. తిరిగొచ్చి పుస్తకం ఆమెకిచ్చాడు. ఆయన తెల్లచొక్కా కఫు మీద సిరా చుక్క పడి ఉంది.

"సీలు లేకుంటే ఏ ఆఫీసోడూ ముట్టుకోడు," అన్నాడు, ఆమె వైపు చూడకుండా. "ఎక్కడికి తీసుకపోతున్నవో మాత్రం నాకు చెప్పకు."

శనివారం మండలాఫీసులో గోపాల్ పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పాడు. బీరన్న లోపలికి రానన్నాడు. ఒకసారి వేలు వేసినవాణ్ని మళ్లీ ఏ ముఖంతో వస్తానని వరండాలో గొంగడి పరుచుకుని కూర్చున్నాడు. కిటికీలో నుంచి ఆయన తలపాగా కనిపిస్తోంది.

"ఇది నువ్వు ఫెయిలైన కాయితం గదమ్మా. దీన్ని నేనేం జేసుకోవాలె?"

"జత చెయ్యుర్రి సార్. పంచాయతీల పెట్టిన నక్ష నేను గీసింది. చెల్లదని మా కాలేజోళ్లు రాసిచ్చిన్రు. సీలున్నది. అభ్యంతరం నేను రాసిన, ఇగో."

"తొమ్మిది మంది అభ్యంతరం లేదని ఏసిన్రు. అండ్ల మీ బాపుదే మొదటిది."

"వాళ్లు నక్ష నిజమనుకొని ఏసిన్రు సార్. నిజం గాదు."

గోపాల్ ఆమెను కాసేపు చూశాడు. "ఒక్క ఏడాది పాయె గదనే నీది," అన్నాడు. తర్వాత పనిలో పడి, కాగితాలకు దారం గుచ్చాడు. "ఫైలు పైకి పోయింది. ఇది దాని మీద పడ్తది. ఆగుతదని నేను చెప్పలేను. ఆగదు అని గూడ చెప్పను." అందినట్టు ముద్ర కొట్టి, నకలు మీద నంబరు వేసి ఇచ్చాడు.

బయటికి రాగానే బీరన్న లేచాడు. "పాసైనవా బిడ్డా?" నిన్నటి నుంచి అడగని ప్రశ్న.

"లే బాపు."

ఆయన నీలి మరక పూర్తిగా పోని బొటనవేలును పిడికిట్లో దాచుకున్నాడు. "ఐతే నేను ఏసిందంత..."

"నక్ష తప్పని రాసిచ్చిన. మల్ల గియ్యాలె. ఏడాది పొడుగూత. నాకు నెలలు తెల్వయి, నీకెర్క. నువ్వు చెప్పాలె."

బీరన్న రోడ్డు వైపు చూశాడు. "ఈడ కూసొని ఏం చెప్త," అన్నాడు. "నడు."

కంచె అంచుకు చేరేసరికి ఎండ వాలుతోంది. లారీ ఒకటి ఆగి ఉంది. ఇద్దరు మనుషులు ఇనుప పోల్లను కిందికి పడేస్తున్నారు. ఒక్కొక్కటీ రాళ్ల మీద పడ్డప్పుడల్లా, దూరంగా కురుమయ్య కాస్తున్న జీవాలు ఉలిక్కిపడి తలలెత్తుతున్నాయి. బీరన్న లారీ వైపు చూడకుండా దాని పక్క నుంచే నడిచాడు. మల్లిక వెనుకే నడిచింది.

గుండు నీడలో కూర్చుని ఆమె నోటుపుస్తకం తీసింది. తిరస్కరించిన పుస్తకం అట్టనే స్కేలు చేసుకుని గడులు గీసింది. జాగా పేరు. నెల. సర్వే రోజున వినియోగం. చుట్టూ చూసింది, తలలు లెక్కపెట్టింది, రాసింది.

"రాసినవా?"

"రాసిన."

"సదువు."

"అవ్వ గుండు. జూన్ ఇరవై రెండు. మేత ఉంది. జీవాలు నూట పద్దెనిమిది."

బీరన్న కళ్లు చిట్లించి మంద వైపు చూశాడు. వెనుక ఇంకో పోలు రాళ్ల మీద పడింది.

"నూట పంతొమ్మిది," అన్నాడు. "పొద్దుగాల ఒకటి ఈనింది. పిల్ల ఆ పొద కింద పండుకున్నది, నీకు కనవడలే. కొట్టేసి రాయి."

మల్లిక కొట్టేసి రాసింది.

"మల్ల సదువు," అన్నాడు బీరన్న.